చూసొచ్చి చెప్పే గొంతు

పోయిన వారం ఫోన్లో ఏదో బట్టల దుకాణం వాళ్ల ప్రకటన కనబడింది. ఒక్క ఉతుకుకే చీర రంగు పోయిందని ఎవరో వీడియో పెడితే, దానికి వీళ్ల జవాబు అది. "కస్టమర్లే మాకు దేవుళ్లు. జరిగినదానికి చింతిస్తున్నాము" అని నల్లరంగు మీద తెల్ల అక్షరాలు. కింద ఎవరూ కామెంటు పెట్టకుండా మూసేశారు. ఆ చీర నాది కాదు, ఆ దుకాణం మా ఊరిదీ కాదు. అయినా దాన్ని రెండుసార్లు చదివాను. ఇప్పుడు వీళ్లు ఎవరి ఇంటికి పోతారో, ఎవరిని కూర్చోబెట్టి ఏం చెప్పిస్తారో అని భయం. నవ్వితే నవ్వండి. మా ఆదోనిలో మైకు సిన్నాయనకు జరిగింది చూసినవాళ్లెవరూ నవ్వరు.

సిన్నాయన నాకు చుట్టం కాదు. ఊరంతా అలా పిలిచేది కాబట్టి నేనూ పిలిచాను. ఆటో మీద రెండు మైకులు కట్టుకుని వీధివీధీ తిరుగుతూ చావు కబురు చెప్పడం ఆయన పని. నాది మార్కెట్ యార్డు దగ్గర ఫ్లెక్సీల షాపు. ఇంట్లో ఎవరైనా పోతే ఫోటో పట్టుకుని శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కోసం ముందు నా దగ్గరికి వస్తారు. నేను సిన్నాయనకు ఫోన్ చేస్తాను. చెప్పుకోవడానికి బాగుండదు గానీ మా ఇద్దరిదీ ఒకే బేరం.

సినిమాలకు, చీరల మేళాలకు కూడా ఆయన మైకు పట్టేవాడు. ఎమ్మిగనూరు జాతరలో తప్పిపోయిన పిల్లల పేర్లు పిలిచేది కూడా ఆయనే. వాటికి వేరే గొంతు, కులాసాగా, సాగదీసి, మధ్యలో చిన్న దగ్గుతో. చావు కబురుకి వేరే గొంతు. అది ఎక్కడినుంచి తెచ్చేవాడో తెలియదు. చెప్పులు విప్పి సీటు కింద పెట్టేవాడు, మైకుకు రుమాలు చుట్టేవాడు, పక్కకు తిరిగి గొంతు సవరించుకునేవాడు. తర్వాత మొదలుపెడితే రోడ్డు మీద బండ్లు కూడా కాస్త మెల్లగా పోయేవి. సాయిబుల వీధుల్లో ఉర్దూలో, బళ్లారి వైపు చుట్టాలున్న ఇళ్ల ముందు కన్నడంలో చెప్పేవాడు. భాష మారినా ఆ గొంతు అదే.

ఒక పట్టింపు ఉండేది ఆయనకు. పోయినవాళ్లను కళ్లారా చూడకుండా మైకు పట్టడు. కొడుకులు వచ్చి ఏడుస్తూ చెప్పినా సరే, "పదండప్పా, ఒకసారి సూసొస్తా" అని ఇంటికి పోయేవాడు. తలవైపు నిలబడి, దండం పెట్టి, తండ్రి పేరు, వీధి పేరు రెండుసార్లు అడిగి అప్పుడు ఆటో ఎక్కేవాడు. ఒకసారి ఎవరో ఫోన్ చేసి, ఫలానా వీధిలో ఫలానా ఆయన పోయినాడు, చెప్పేయండి అన్నారు. సిన్నాయన పోయి చూస్తే ఆ పోయినాయన అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. స్థలం తగాదాలో తమ్ముడు చేసిన పని అది. సిన్నాయన ఏమీ తెలియనట్టు ఆ ఇంట్లోనే టీ తాగి వచ్చాడట. నేను విని పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నవ్వేది కాదు పాపా. నేను సెప్పేసింటే? ఆయప్ప కూతురు నందవరంలో ఉండాది. సంకలో బిడ్డను ఏసుకొని, ఆటో పట్టుకొని, ఏడుచుకుంటా వచ్చుండు. దారిలో ఆ పిల్లకి ఏమన్నా అయింటే ఎవురిది పాపం?"

ఆయనది మొదటినుంచీ భయస్తుడి తత్వమే. కొందరు పనిలో ధైర్యం చూపిస్తారు, ఈయన భయం చూపించేవాడు. తప్పు పేరు వస్తుందేమోనని ఆటో తోలుతూ పెదవులు కదిలిస్తూనే ఉండేవాడు. ఆ భయం వల్లే ఊరు ఆయన మాట నమ్మింది. సిన్నాయన చెప్పాడంటే ఇంక ఎవరూ ఎవరికీ ఫోన్ చేసి అడిగేవాళ్లు కాదు. పొయ్యి ఆర్పి, కొంగు సరిచేసుకుని బయల్దేరేవాళ్లు.

అంతలో ఆ పాల గొడవ వచ్చింది. బస్టాండు పక్కన టీ కొట్టు పెట్టుకున్న ఒకామె, మరుగుతున్న పాలలో గరిటె పెట్టి పైకి లాగింది. పాలు జిగురులాగా తీగలు సాగాయి. "సూడండప్పా, దీన్ని పాలంటారా, ఇవి మీ పిల్లోళ్లకి పోస్తారా" అంటూ ఫోన్లో తీసి పెట్టింది. కంపెనీ పేరు చెప్పను. వాళ్ల పాలు చల్లబరిచే కేంద్రం ఎమ్మిగనూరు రోడ్డులో ఉంది. ఆ సాయంత్రానికి ఊళ్లో అందరి ఫోన్లలోనూ ఆ గరిటే. మా పిల్లోడికి వాంతులైనాయి అని ఒకరు, మా పాపకి కడుపునొప్పి అని ఒకరు. అది పాల వల్లో, ఎండ వల్లో, బజారు బజ్జీల వల్లో ఎవరికి తెలుసు. భయానికి అవన్నీ అక్కర్లేదు కదా.

కంపెనీ వాళ్లు ఏం చేశారో నేను వాళ్ల పేజీలో చూస్తూనే ఉన్నాను. ముందు తిట్టిన కామెంట్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. తర్వాత అందరికీ ఒకటే జవాబు అచ్చు గుద్దినట్టు: "దయచేసి మాకు నేరుగా మెసేజ్ చేయండి." టీ కొట్టు ఆమెకూ అదే పెట్టారు. ఆమె ఊరుకుంటుందా. "నీకు మెసేజ్ సేసేదేంది, వచ్చి పాలు సూడు" అని తిరిగి పెట్టింది. దాన్ని కూడా తీసేశారు. ఆ తర్వాత ఇదంతా మేమంటే పడనివాళ్ల కుట్ర అన్నారు. జనానికి ఇంకా మండింది. ప్యాకెట్లు రోడ్డు మీద పోసి, తొక్కి, వీడియోలు తీశారు.

అప్పుడు హైదరాబాదునుంచి ఒక పిల్లవాడిలాంటి ఉద్యోగి దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, మాట చాలా మెత్తన. ఈ ఊళ్లో ఎవరు చెప్తే జనం నమ్ముతారని కనబడిన ప్రతివాడినీ అడిగాడట. అందరూ ఒక్కటే చెప్పారు. నేరుగా సిన్నాయన ఇంటికి పోయాడు.

సిన్నాయన ఒప్పుకోలేదు. "సూడకుండా నేను సెప్పను సార్" అన్నాడు. అతను కారు తలుపు తెరిచి, రండి అంకుల్ చూపిస్తాం అన్నాడు. ఆ సాయంత్రం సిన్నాయన నా షాపుకు వచ్చినప్పుడు మొహం వెలిగిపోతోంది.

"అద్దం మాదిరి ఉండాది పాపా. అంతా స్టీలే. తలకి టోపీలు, సేతికి తొడుగులు. నా ముందరే గ్లాసు పట్టినారు, తాగినా. కమ్మగా ఉండాయి."

నా నోరు కాస్త దురుసు. "అది వాళ్లు సూపించింది సిన్నాయనా. టీ కొట్లో సాగిన పాలు సూసినావా నువ్వు?" అన్నాను.

 ఆయన లేచి అక్కడికీ పోయాడు. ఆమె ఆ పాలు ఆరోజే పారబోసింది. గిన్నె కూడా తోమేసింది. చూడటానికి ఏమీ లేదు. తిరిగొచ్చి, "ఒక పక్కే సూసినా పాపా. రెండో పక్క సూసేకి లేదు. సెప్తానని ఆ సారుకి మాట ఇచ్చినా, ఏం సేసేది" అన్నాడు. ఆయన చేతి రుమాలు ముద్ద ముద్దగా నలిగిపోయింది. నాకూ అనుమానం ఉంది గానీ, ఇంక ఏం జరుగుతుందో ఊహించేంత తెలివి నాకు లేదు, ఆయనకూ లేదు. ఆ హైదరాబాదు అబ్బాయికి అసలే లేదు.

చదవాల్సిన మాటలు ఎక్కడో ఏసీ గదిలో రాసి పంపారు. పసిపిల్లల ఆరోగ్యమే మా ప్రాణం, మా పాల గురించి కలిగిన ఆందోళనకు తీవ్రంగా చింతిస్తున్నాము, ఇలా సాగుతుంది. జనం పాలు కొనేది తెల్లవారుజామున కాబట్టి అప్పుడే చెప్పాలన్నారు. ఏ గొంతుతో చెప్పేది సార్ అని సిన్నాయన అడిగాడట. "ఊరు నమ్మే గొంతుతో చెప్పండి అంకుల్" అన్నాడట ఆ అబ్బాయి. ఊరు నమ్మేది ఆయనది ఒక్క గొంతే. సిన్నాయన చెప్పులు విప్పి సీటు కింద పెట్టాడు.

నేను వాకిలి ఊడుస్తున్నాను. పక్కవీధిలోంచి ఆ గొంతు వచ్చింది. అలవాటుగా చీపురు ఆపి, ఎవరు పోయారో అని చెవి పెట్టాను. కదిలే ఆటో, గాలి, మాటలు తెగి తెగి వస్తున్నాయి. పసిపిల్లలు. పాలు. చింతిస్తున్నాము. ఆ వేళప్పుడు, ఆ గొంతుతో అవే మాటలు వినబడితే మా ఊళ్లో ఎవరికైనా ఏం అర్థమవుతుంది?  మా ఎదురింటామె జుట్టు ముడి కూడా వేసుకోకుండా బయటికి వచ్చి, "ఎవురి పిల్లోళ్లమ్మా, ఎంతమందంట" అని అడిగింది.

ఆటో మా వీధికి వచ్చి మొత్తం వినేసరికి నాకు సంగతి బోధపడింది. కానీ వెనక వీధులు అప్పటికే పరుగు మొదలుపెట్టాయి. పాలు తాగి పిల్లలు పోయారంట, సిన్నాయనే చెప్పినాడంట. ఆయన చెప్పాక ఇంక అడిగేదేముంది. రాత్రి పాలు తాగి నిద్రపోతున్న పిల్లలను మంచంమీదనుంచి లాగి, గొంతులో వేలు పెట్టి కక్కించారు. అరటిపండు తిన్న పిల్లాడిని కూడా కక్కించారు. పెద్దాసుపత్రి ముందు ఆటోలు పట్టనన్ని నిలబడ్డాయి. ఎవరో ఆ గొంతును ఫోన్లో పట్టి ఎమ్మిగనూరుకు పంపితే అక్కడా ఇదే గోల.

ఇదేమీ సిన్నాయనకు తెలియదు. మార్కెట్ దాకా చెప్పుకుంటూ పోయాడు. బిడ్డను భుజాన వేసుకుని ఏడుస్తూ పరుగెత్తుతున్న ఒకామెను చూసి ఆటో ఆపి, "ఏమైందమ్మా, ఎక్కు, ఆసుపత్రి కాడ దించుతా" అన్నాడు.

ఆమె నిలబడి ఆయనను చూసింది. "నువ్వే గదా సిన్నాయనా సెప్పితివి" అంది.

ఈ మాట ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఇక్కడికి వచ్చి ఆగిపోయేవాడు. ఆ బిడ్డకు ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కక్కించిన గొంతులు నొప్పులు పుట్టాయి, అంతే. కానీ ఆ మధ్యాహ్నం కంపెనీ పేజీలో కొత్త ప్రకటన వచ్చింది. మా సంస్థతో ఏ సంబంధమూ లేని ఒక వ్యక్తి, మా అనుమతి లేకుండా, ప్రజలను భయపెట్టేలా ప్రచారం చేశాడు, అతనిపై చట్టపరమైన చర్యలు తీసుకుంటాం. కింద సిన్నాయన ఆటో ఫోటో, నంబరు కనబడేలా. ఫోటోలో సిన్నాయన మైకుకు రుమాలు చుడుతున్నాడు. ఈసారి కామెంట్లు తెరిచే ఉంచారు.

ఆయన షాపుకు వచ్చి తలుపు పక్కగా నిలబడ్డాడు, రోడ్డు మీదనుంచి కనబడకుండా. ఫోన్ నా చేతికి ఇచ్చి, ఏం రాసినారో సదువు పాపా అన్నాడు. ఆయనకు కళ్లద్దాలు ఉన్నాయి, చదవనూ వచ్చు. ఒక్కడే చదవలేక వచ్చాడు. నేను చదివాను. ముసలోడికి ఎంత ముట్టింది. వీడిని ఆటోకే కట్టి ఊరేగించాలి. ఇల్లు ఎక్కడో చెప్పండి, సాయంత్రం పోదాం. ఒక కామెంటు వదిలేసి కిందికి జరిపాను.

"ఒకటి దాటినావు. అదీ సదువు."

"అది వద్దులే సిన్నాయనా. అంతా చెత్త."

"నా మనవరాలి పేరు ఉండాది గదా దాంట్లో. నాకి కనపడింది. సదువు."

నేను చదవలేదు. ఫోన్ బోర్లించి గల్లాపెట్టె మీద పెట్టాను. ఆయన చాలాసేపు రోడ్డువైపే చూస్తూ కూర్చున్నాడు. బండి ఏది ఆగినా లేచేవాడు. పోలీసులేమో అని ఒకసారి, పిల్లల తండ్రులేమో అని ఒకసారి. ఆరోజు ఆటోమీదనుంచి మైకులు విప్పి గోనెసంచిలో చుట్టి ఆయన భార్య సిన్నమ్మ మంచం కిందికి తోసిందట. మనవరాలిని బడికి పంపలేదు.

రెండు రోజులు కాకముందే ఆ హైదరాబాదు అబ్బాయి మళ్లీ వచ్చాడు. ఈసారి నా షాపుకే, సిన్నాయనను వెంటబెట్టుకుని. పాస్‌పోర్టు ఫోటోలు తీయడానికి నా దగ్గర తెల్ల పరదా ఉంది. దాని ముందు చిన్న వీడియో తీయాలన్నాడు.

"అంకుల్, ఒక్క నిమిషమే. ఏదీ చూడకుండా, ఎవరూ అడక్కుండా, నా అంతట నేనే చెప్పాను, క్షమించండి అనండి చాలు. కంపెనీ కేసు వదిలేస్తుంది. లేదంటే లీగల్ వాళ్లు చూసుకుంటారు. అది నా చేతుల్లో ఉండదు."

నాకు ఒళ్లు మండింది. "ఏమప్పా, కార్లో తోడుకొని పోయింది నువ్వు కాదా? మాటలు రాసిచ్చింది మీరు కాదా? ముసలాయన మీదికి తోసి పోతావా?" అని అరిచాను. అతను నావైపు చూడలేదు. స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో ఫోన్ ఆగకుండా వణుకుతోంది, మెసేజ్ మీద మెసేజ్. "మేడమ్, మూడు గంటల్లోపు వీడియో రాకపోతే రేపు ఆ పేజీలో నా ఫోటో ఉంటుంది" అన్నాడు. అబద్ధం చెప్తున్నట్టు లేదు. వాడిని చూసినా భయమేసింది. వీడిని భయపెట్టేవాడు ఎవడో, వాడిని ఇంకెవడు భయపెడుతున్నాడో.

సిన్నాయన ఒక్క మాట అడిగాడు. "కేసు కాదు సార్. పిల్లోళ్లను భయపెట్టింది నేనే, దానికి కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా. సూడకుండా సెప్పినానని మాత్రం అనిపియ్యొద్దు. నేను సూసినా. నువ్వే సూపిస్తివి. పాలు తాగితి గదా, నీ ముందరే."

"అదే ముఖ్యం అంకుల్. చూశానంటే మేం చూపించినట్టే కదా."

 సిన్నాయన నావైపు చూశాడు. ఏదైనా దారి చెబుతానని కాబోలు. నాకు ఏ దారీ తోచలేదు. మనవరాలి పేరు ఆ కామెంట్లలో ఉందని మా ఇద్దరికీ తెలుసు. ఆయన పరదా ముందుకు పోయి నిలబడ్డాడు. గొంతు సవరించుకోలేదు. "నేను ఏదీ సూడకుండా, నా అంతట నేనే సెప్పినాను. మన్నించండి" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయనకు రెండు గొంతుల్లో ఏదీ రాలేదు. ఎవరో మూడో మనిషి మాట్లాడినట్టు సన్నగా, గీరుకుపోయి వచ్చింది. "కొంచెం గట్టిగా అంకుల్" అన్నాడు ఆ అబ్బాయి. మళ్లీ చెప్పాడు.

ఆ వీడియోకు జనం ఎర్ర గుండెలు పెట్టారు. తప్పు ఒప్పుకున్నాడు, పెద్దమనిషి అన్నారు. కంపెనీది పెద్ద మనసు అని కూడా అన్నారు. టీ కొట్టు ఆమెకు కంపెనీ పేరున్న పెద్ద గొడుగు వచ్చింది, ఆమె ఇప్పుడు దాని కిందే వాళ్ల పాలతోనే టీ కాస్తుంది. నేను తప్పు పట్టను, ఆమెకూ పిల్లలున్నారు. పాలలో నిజంగా ఏముండిందో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం మా ఇంట్లో ఆ ప్యాకెట్ తెప్పించను.

కేసు రాలేదు. సిన్నాయన మైకులు మళ్లీ బిగించాడు. కొన్నాళ్లకు ఒక ఇంట్లో పెద్దాయన పోతే కొడుకులు ఫ్లెక్సీకి వచ్చారు. సిన్నాయనకు ఫోన్ చేస్తానన్నాను. పెద్దకొడుకు మొహమాటపడుతూ, "వద్దులే అక్కా. ఆయన సూడకుండా సెప్తాడని ఆయనే ఒప్పుకున్యాడు గదా. జనం నమ్మకపోతే మళ్లా అందరికీ ఫోన్లు సేయాల" అన్నాడు. సిన్నాయన అప్పుడు నా షాపులోనే, పరదా వెనక కుర్చీలో ఉన్నాడు. ఏమీ వినపడనట్టు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. తర్వాత నా షాపుకు రావడం తగ్గించాడు. సిన్నమ్మ చెప్పేది, ఫోన్ మోగితే దుప్పటి కప్పుకుంటాడని, ఎవరైనా తలుపు కొడితే మనవరాలిని వెనక గదిలోకి పంపుతాడని.

మొన్న ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఉదయం ఆయన లేవలేదు. కబురు చెప్పడానికి ఎమ్మిగనూరునుంచి ఒక మైకాయన ఆటోతో వచ్చి ఊరంతా తిరిగాడు. పద్ధతిగానే చెప్పాడు, పేరు, తండ్రి పేరు, వీధి. నేను సిన్నమ్మ పక్కన కూర్చున్నాను. జనం వస్తారని బయట షామియానా వేయించాను. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నా ఫోన్ మోగింది.

"పాపా, మైకు సిన్నాయన పోయినాడని సెప్తాండారు. నిజమేనా?"

నిజమే అన్నాను. పెట్టేలోపు ఇంకోటి. "అక్కా, అది ఆ పాల కత మాదిరిది కాదు గదా?" కాదన్నాను. యార్డునుంచి చేశారు, కోటవైపునుంచి చేశారు, ఆ రోజు బిడ్డను భుజాన వేసుకుని పరుగెత్తినామె కూడా చేసింది. ఫోన్లన్నీ ఎవరివమ్మా అని సిన్నమ్మ అడిగింది. "వస్తాండారంట సిన్నమ్మా, దారిలో ఉండారు" అన్నాను. ఆమె తల ఊపి, ఆయన మొహం మీద వాలిన ఈగను తోలింది.

పాడె లేపే వేళకు పదిమంది కూడా లేరు. భుజం మార్చుకోవడానికి మనుషులు చాలక షామియానా కుర్రాళ్లను పిలిచాం. వీధి మలుపు తిరుగుతుండగా ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తి, చెవికి పెట్టుకుని, అవతలివాళ్లు అడక్కముందే నిజమేనప్పా అన్నాను.

"ఎవురు సూసినారు?" అని అడిగారు.